తడబడితేనే చేప పడుతుంది

ఫిన్లాండ్‌లోని పైయన్నె సరస్సులో గాలాల తాళ్లు వదిలి పొట్టపోసుకునే జాలరి లౌరీ రాపలా. పడవ మీద తిరుగుతూ తిరుగుతూ ఆయన ఒకటి గమనించాడు. వేటచేప చిన్న చేపల గుంపులోకి దూసుకొచ్చినా, దాని గురి మాత్రం సరిగా ఈదలేక పక్కకు ఒరిగిపోతున్న చేప మీదే. 1936లో ఆయన చేసిన ఎర ఆ నలతచేపకు నకలు. చెప్పులు కుట్టే కత్తితో కార్కు చెక్కాడు. చాక్లెట్ మీది వెండి రేకు చుట్టాడు. ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు.

రేకు తళుకు సంగతి అలా ఉంచితే, చేపను మోసం చేసింది ఆ ఊగు. నీళ్లలో లాగితే ఎర బోర్లాపడకూడదు, అలాగని బాణంలా తిన్నగానూ పోకూడదు.

1962 ఆగస్టు 17 నాటి లైఫ్ పత్రిక ఈ ఎర మీద వ్యాసం వేసింది. అదే నెల మొదట్లో కన్నుమూసిన మార్లిన్ మన్రో ఆ సంచిక ముఖచిత్రం. జనం ఎగబడి కొన్నారు, అమెరికా నుంచి ఆర్డర్లు వెల్లువెత్తాయి. రాపలా కథ చెప్పేవాళ్లంతా ఈ అదృష్టాన్నే చెబుతారు. నన్నడిగితే అంతకంటే గొప్పది ఆ కుటుంబం పెట్టుకున్న నీటితొట్టె. ప్రతి ఎరనూ అందులో లాగి చూసేవారు. కుడికి ఈడిస్తే ముక్కు దగ్గరి తీగ కొక్కేన్ని ఎడమకు రవ్వంత వంచి సరిచేసేవారు.

ఇప్పుడు ఇంట్లో ఎరలు చేసేవాళ్లు చాలామంది చెక్కడం మానేశారు. సిలికాన్ అచ్చు తీసి పాలీయురెథేన్ రెజిన్ పోస్తున్నారు. చిక్కంతా ఇక్కడే. రాపలా తర్వాతి రోజుల్లో వాడిన బాల్సా కర్ర నీటికంటే చాలా తేలిక, కాబట్టి బరువు ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలో ఉంటుంది. గట్టి రెజిన్ నీటికంటే కాస్త బరువు. 30 మిల్లీలీటర్ల ఎర పోస్తే 33 గ్రాములు తూగుతుంది, ముళ్లు తగిలించకముందే మునుగుతుంది. అందుకే రెజిన్‌లో గాజు బుడగల పొడి కలుపుతారు. కంటికి పిండిలా కనిపించినా ఆ పొడిలో ప్రతి రేణువూ బోలు. బాగా కలిపితే అదే ఎర 21 గ్రాములకు దిగుతుంది. ముళ్లు, రింగులు 4 గ్రాములనుకుంటే, తేలకుండా మునగకుండా నిలబడడానికి ఇంకో 5 గ్రాముల చోటు మిగులుతుంది. ఆర్కిమెడిస్ లెక్కే, కొత్తదేం లేదు.

ఆ 5 గ్రాములు ఎక్కడ పెడతారన్నదే అసలు విద్య. పొట్ట అడుగున పెడితే ఎర నిటారుగా నిలుస్తుంది. మరీ అడుగున, మరీ ఎక్కువ పెడితే ఊగే చచ్చిపోతుంది. తోకవైపు జరిపితే విసిరినప్పుడు దూరం పోతుంది కానీ నీళ్లలో తోక వేలాడేస్తుంది. తెలిసినవాళ్లు ముందే డ్రిల్లు పట్టరు. ముళ్లకు సన్న సీసపు తీగ చుట్టి, బకెట్లో వేసి, వంపు చూసుకుంటూ అటూ ఇటూ మారుస్తారు. కుదిరాకే పొట్టకు రంధ్రం. ఒకటి గుర్తుంచుకోవాలి: బకెట్లో కుదిరిన ఎర సముద్రంలో తేలిపోతుంది. ఉప్పునీరు రెండున్నర శాతం దాకా ఎక్కువ బరువు, అంటే ఈ ఎరకు ముప్పావు గ్రాము తేడా. కొర్రమీను చెరువుకు ఒకటి, పండుగప్ప కోసం ఉప్పుటేరుకు ఇంకొకటి చేసుకోక తప్పదు.

సీసం చవక, సులువుగా కరుగుతుంది, అందుకే అందరి చేయీ దాని మీదికే పోతుంది. బ్రిటన్‌లో గాలాలకు కట్టిన సీసపు గుళ్లు మింగి హంసలు చనిపోతుంటే 1987లో చిన్న సీసపు బరువుల అమ్మకాన్ని ఆపేశారు. మీరు చేసుకునేటప్పుడు టంగ్‌స్టన్ గుళ్లు కొనుక్కోండి, లేదంటే ఉక్కు బాల్ బేరింగులతో సరిపెట్టుకోండి. వంటింటి పొయ్యి మీద మాత్రం సీసం కరిగించకండి.