‘ఒకేషనల్’ బోర్డు వెనక ఒక పిలుపు

జూనియర్ కాలేజీ గోడ మీద ‘ఒకేషనల్ గ్రూపులు కలవు’ అన్న అక్షరాలు చూసి దేవుణ్ణి తలుచుకునేవాళ్లు ఉండరు. కరెంటు పనో, ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగమో గుర్తొస్తుంది. ఆ మాటకు మూలం లాటిన్‌లోని ‘వొకాతియో’. అర్థం పిలుపు. పిలిచేవాడు దేవుడు. ఆయన పిలుపు కాస్తా చేతిపని కోర్సుగా మారడానికి పదిహేను వందల ఏళ్లకు పైనే పట్టింది.

లాటిన్‌కు ముందు గ్రీకు. పౌలు తన పత్రికల్లో వాడిన ‘క్లేసిస్’ అనే మాట ‘కలెయో’ అనే క్రియ నుంచి వచ్చింది. పేరు పెట్టి పిలవడానికీ, పెళ్లి విందుకు పిలవడానికీ గ్రీకువాళ్లది ఆ ఒక్క క్రియే. బొట్టు పెట్టి పిలిచే ఆచారమూ, పిలవని పేరంటానికి వెళ్లకూడదన్న పట్టింపూ ఉన్న మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. సంఘానికి గ్రీకులో ఉన్న ‘ఎక్లేసియా’ అన్న పేరు కూడా ఈ ధాతువు నుంచే పుట్టింది. కొరింథులో బానిసలకూ, బేరగాళ్లకూ, ఇల్లాళ్లకూ కలిపి పౌలు రాసిన పిలుపు ఒక్కటే. అది ఏ ఉద్యోగానికీ కాదు, క్రీస్తు దగ్గరికి.

ఆ పిలుపు తొందరగానే ఇరుకైంది. మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఆంటోనీ అనే భూస్వామి కొడుకు గుడిలో సువార్త పఠనం విన్నాడు. ఆస్తి అమ్మి బీదలకివ్వమన్న మాట తనకే చెప్పినట్టనిపించి, ఉన్నదంతా వదిలి ఎడారి పట్టాడు. అతని దారిలో వేలమంది నడిచారు. మధ్యయుగాలు వచ్చేసరికి ‘పిలుపు ఉంది’ అంటే మఠానికో గురుత్వానికో అని అర్థం. పొలం దున్నేవాడికి అసలు పిలుపే లేకుండా పోయింది.

ఈ కథ 1521లో మలుపు తిరిగింది. ఆ ఏడాది ఇద్దరు మనుషులు, ఒకరికొకరు తెలియకుండా, రెండు కోటల్లో బందీలైనట్టు కూర్చున్నారు. జర్మనీలో వార్ట్‌బర్గ్ కోటలో దాక్కున్న మార్టిన్ లూథర్ అక్కడ కొత్త నిబంధన అనువాదం మొదలుపెట్టాడు. స్పెయిన్‌లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు నుజ్జయిన ఇగ్నేషియస్ అనే సైనికుణ్ణి సొంత ఊరు లయోలాకు మోసుకొచ్చారు. విజయవాడ లయోలా కాలేజీకి పెట్టిన పేరు ఆ కోటదే.

ఇగ్నేషియస్ మంచం మీద వీరుల కథలు అడిగాడు. ఆ ఇంట్లో దొరికినవి క్రీస్తు జీవితమూ, పరిశుద్ధుల చరిత్రలూ. విసుగ్గానే చదివాడు. ఒకసారి రాజకన్య లాంటి స్త్రీ కోసం తాను చేయబోయే సాహసాలను, ఇంకోసారి ఫ్రాన్సిస్‌లా చెప్పుల్లేకుండా నడవడాన్ని గంటల తరబడి ఊహించుకునేవాడు. రెండూ బాగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసింది. మొదటి ఊహ కరిగాక మనసు ఎండిపోయేది, రెండోది పోయాక కూడా తడి మిగిలేది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో గొప్ప పరిశీలన ఇదే. ఏ దర్శనమూ, ఏ స్వరమూ లేదు. తన మనసులో ఏది నిలుస్తోందో, ఏది ఆరిపోతోందో గమనించాడంతే.

దాని మీదే ఆయన ‘ఆధ్యాత్మిక సాధనలు’ రాశాడు. పోపు 1548లో దానికి ఆమోదం ఇచ్చాడు. నిర్ణయం తేలనప్పుడు ఏం చేయాలో అందులో పల్లెటూరి పెద్దమనిషి చెప్పినట్టు ఉంటుంది. లాభనష్టాలు రెండు వైపులా తూచు. ముఖపరిచయం లేనివాడెవడో ఇదే చిక్కుతో వస్తే ఏం చెబుతావో అదే నువ్వూ చెయ్యి. చావు మంచం మీద ఉన్నప్పుడు ఏది ఎంచుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో ఆలోచించు. మనసు కుంగి ఉన్న రోజుల్లో మాత్రం ముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చకు.

లూథర్‌ది వేరే దారి. అతను మఠానికీ లోకానికీ మధ్య ఉన్న గోడ పగలగొట్టాడు. చెప్పులు కుట్టేవాడూ, పాలు పితికే పనమ్మాయీ తమ పనిలోనే దేవుణ్ణి సేవిస్తున్నారని అన్నాడు. అతని బైబిల్లో సీరా పుత్రుని గ్రంథం పదకొండో అధ్యాయంలో మామూలు పనినీ కష్టాన్నీ చెప్పే గ్రీకు మాటలకు ‘బెరూఫ్’ అని పడింది. అది పిలుపుకున్న జర్మన్ మాట. ఈ సంగతిని 1904-05లో సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ పట్టుకున్నాడు. మన ప్రొటెస్టెంట్ బైబిళ్లలో కనబడని పుస్తకంలో ప్రొటెస్టెంట్ల పని సిద్ధాంతం మొలకెత్తడం తమాషాగానే ఉంటుంది. ఈనాటి జర్మన్‌లో బెరూఫ్ అంటే వట్టి ఉద్యోగం. పిలిచినవాడు జారిపోయి పని మిగిలింది.

తెలుగులో ఇలా జరగలేదు. ‘ఎవరు ఏ పిలుపులో ఉంటే అందులోనే ఉండాలి’ అనే అర్థంలో పౌలు కొరింథీయులకు రాసినచోట మన బైబిల్లో ‘స్థితి’ అని ఉంటుంది. కులాన్ని బట్టి పని నిర్ణయమయ్యే ఊళ్లో ‘నీ స్థితిలోనే ఉండు’ అన్నమాట మాదిగవాడలో ఎలా వినబడి ఉంటుంది? ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవం పాకింది తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ల వల్ల. 1866లో బాప్తిస్మం పొందిన ఆయన బోధకుడయ్యాడు. లూథర్ చెప్పినట్టు ఉన్నచోటే ఉండి ఉంటే ఈ కథే లేదు. మన సంఘాల్లో ‘సేవకు పిలుపు’ అన్నమాటకు ఇప్పటికీ అంత బరువు ఉండటానికి ఇదొక కారణమనుకుంటాను. ఆ మాట అక్కడ ఒక మెట్టు ఎక్కించింది. గుమాస్తాకూ నర్సుకూ కూడా పిలుపు ఉంటుందని చెప్పడం మాత్రం మరుగున పడింది.

పేరయ్యతో కలిసి పనిచేసిన జాన్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. 1876-78 కరువులో ఆ పాత విద్యే అక్కరకొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. పిలుపు విన్నారో, ఆకలితో వచ్చారో తేలాలని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు తీరింది. కూలి ఆగింది. అయినా వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని నీళ్లలో దిగారు. పొద్దుగూకేలోగా లెక్క 2,222.