జావా: వెర్షన్లు, లైసెన్సులు, వాటి చరిత్ర

పరిచయం

మీరు ఇంట్లో రాసిన జావా ప్రోగ్రామ్ అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్‌పై నడవకపోతే, తప్పు ప్రోగ్రామ్‌లోనే ఉందని అనుకోవడం సహజం. తరచుగా తప్పు అక్కడ ఉండదు. రెండు కంప్యూటర్లలో ఉన్నవి జావా వేర్వేరు వెర్షన్లు అయి ఉంటాయి. అవి అలా వేరు కావడానికి కొన్ని సాంకేతిక కారణాలు, మరికొన్ని ఒప్పందాలకూ న్యాయస్థానాలకూ సంబంధించిన కారణాలు ఉన్నాయి. ఈ భాగంలో ఆ రెండింటినీ కలిపి పరిశీలిస్తాం. విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి.

జావా పుట్టుక, దాని వాగ్దానం

అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్, ఆయన సహచరులు 1991లో ప్రారంభించిన పని నుంచి జావా రూపుదిద్దుకొంది. 1995 మే నెలలో దానిని లోకానికి ప్రకటించారు. జేడీకే 1.0 1996 జనవరిలో విడుదలైంది. అంతవరకు ఒక యంత్రం కోసం కంపైల్ చేసిన ప్రోగ్రామ్ మరో రకం యంత్రంపై నడిచేది కాదు. జావా కంపైలర్ యంత్రభాషకు బదులు బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపాన్ని తయారుచేస్తుంది. దానిని చదివి నడిపించే పని వర్చువల్ మెషీన్‌ది. వర్చువల్ మెషీన్ ఉన్న ప్రతిచోటా అదే ప్రోగ్రామ్ నడుస్తుంది. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నదే సన్ చేసిన వాగ్దానం.

ఈ వాగ్దానంలో ఒక షరతు ఇమిడి ఉంది. అన్నిచోట్లా ఉన్న వర్చువల్ మెషీన్లు ఒకే నియమాన్ని పాటించాలి. దీన్ని ఎవరు పాటింపజేయాలి? సన్ తానే ఆ బాధ్యత తీసుకొంది. జేడీకేను డబ్బు తీసుకోకుండా ఇచ్చింది కాని, జావా అనే పేరునూ, అనుకూలతను నిర్ణయించే పరీక్షలనూ తన చేతిలోనే ఉంచుకొంది. ఉచితంగా లభించడం వేరు, స్వేచ్ఛగా వాడుకొని మార్చుకోగలగడం వేరు. ఈ తేడాను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. తరువాత వచ్చిన తగాదాలు చాలావరకు ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

మొదటి తగాదా

మైక్రోసాఫ్ట్ 1996లో సన్ నుంచి జావా లైసెన్సు తీసుకొంది. ఆ తరువాత తన జావాలో విండోస్‌కే పనికివచ్చే అదనపు అంశాలను చేర్చింది. ఇతర యంత్రాల్లోని జావా ప్రోగ్రాములతో మాట్లాడేందుకు అవసరమైన ఆర్ఎంఐ వంటి వాటిని వదిలేసింది. విజువల్ జే ప్లస్ ప్లస్ అనే తన అభివృద్ధి సాధనంలో ‘డెలిగేట్’, ‘మల్టీకాస్ట్’ అనే కొత్త కీలక పదాలు కూడా పెట్టింది. వాటిని వాడి రాసిన ప్రోగ్రామ్ పేరుకు జావాయే గాని, మైక్రోసాఫ్ట్ కంపైలర్ తప్ప మరే కంపైలర్ దానిని అంగీకరించేది కాదు. లైసెన్సు ఉల్లంఘన జరిగిందంటూ సన్ 1997 అక్టోబరులో దావా వేసింది. 2001 జనవరిలో రాజీ కుదిరి, మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించింది. తన దగ్గర ఉన్న పాత 1.1.4 ఆధారిత జావాను మాత్రమే పరిమిత కాలం పంపిణీ చేసుకొనేందుకు దానికి అనుమతి లభించింది. అప్పటికే, అంటే 2000లో, సి షార్ప్ అనే సొంత భాషను ఆ సంస్థ ప్రకటించి ఉంది.

రాజీ వల్ల సంస్థల తగాదా తీరిందేమో గాని, మామూలు కంప్యూటర్లలో రెండు జావాలు మిగిలాయి. బ్రౌజర్‌లో పాతబడిన మైక్రోసాఫ్ట్ జావా, పక్కనే విడిగా వేసుకొన్న సన్ జావా. ఏది పనిచేస్తోందో వాడేవారికి తెలిసేది కాదు.

సంఖ్యలే ఆధారాలు

శాసనంపై శక సంవత్సరం ఉంటే చరిత్రకారుని పని సులువవుతుంది. కంపైల్ అయిన జావా క్లాస్ ఫైల్‌కు కూడా అటువంటి తేదీ ముద్ర ఉంది. ప్రతి క్లాస్ ఫైల్ మొదటి నాలుగు బైట్లు పదహారు ఆధార సంఖ్యామానంలో ‘సీఏఎఫ్ఈబీఏబీఈ’ అని ఉంటాయి. తరువాత రెండేసి బైట్లలో మైనర్, మేజర్ వెర్షన్ సంఖ్యలు వస్తాయి. మేజర్ సంఖ్యలోంచి 44 తీసివేస్తే జావా వెర్షన్ తెలుస్తుంది. 52 అంటే జావా 8, 55 అంటే జావా 11, 61 అంటే జావా 17. ‘అన్‌సపోర్టెడ్ మేజర్ మైనర్ వెర్షన్ 52.0’ అనే సందేశం చూసి బెంబేలు పడిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. దాని అర్థం చాలా చిన్నది. ప్రోగ్రామ్‌ను జావా 8తో కంపైల్ చేశారు, నడిపించబోయినది అంతకంటె పాత జావా. పాతదానితో కంపైల్ చేసినది సాధారణంగా కొత్తదానిపై నడుస్తుంది. కొత్తది మాత్రం పాతదానిపై నడవదు.

సోర్స్ ప్రోగ్రామ్ విషయంలో ఆ ‘సాధారణంగా’ అన్న మాటకు మినహాయింపులు ఎక్కువ. 2002లో వచ్చిన 1.4 వెర్షన్‌లో ‘అసర్ట్’, 2004లో వచ్చిన 5.0లో ‘ఈనమ్’ కీలక పదాలయ్యాయి. అంతకుముందు ఈనమ్ అనేది ప్రోగ్రామర్లు చలరాశికి ఇష్టంగా పెట్టుకొనే పేరు. నేను పర్యవేక్షించిన ఒక ప్రయోగశాలలో కొత్త జేడీకే వేసిన వారంలోనే, రికార్డు పుస్తకంలో ఏళ్ల తరబడి ఉన్న ప్రోగ్రాములు తప్పులు చూపడం మొదలుపెట్టాయి. తర్కం మార్చమని విద్యార్థులకు సలహాలు వచ్చాయి. మార్చవలసింది ఒక పేరు మాత్రమే.

వెర్షన్ల పేర్లు కూడా గందరగోళానికి తోడ్పడ్డాయి. 1998లో వచ్చిన 1.2ను ‘జావా 2’ అన్నారు, 1.5ను ‘5.0’ అన్నారు. కాని యంత్రాన్ని అడిగితే జావా 8 వరకు ‘1.8’ అనే ధోరణిలోనే జవాబిచ్చేది. 2017లో వచ్చిన జావా 9 నుంచి ముందున్న ఒకటి తొలగించారు. మొదటి అంకె ఒకటే ఉంటుందని నమ్మి రాసిన ఎన్నో ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టులు అక్కడ దెబ్బతిన్నాయి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోర్ జావా నేర్చుకొన్నవారికి ఈ రెండు లెక్కలూ పరిచయమే.

స్వేచ్ఛ వైపు ఒక అడుగు, ఒక అడ్డంకి

జావాపై ఆధారపడిన స్వేచ్ఛా ప్రోగ్రాములు కూడా చివరికి స్వేచ్ఛలేని సాధనానికే కట్టుబడి ఉంటాయని రిచర్డ్ స్టాల్‌మన్ 2004లో హెచ్చరించారు. 2006 నవంబరులో సన్ తన కంపైలర్‌నూ వర్చువల్ మెషీన్‌నూ జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేసింది. మిగిలిన వాటిలో అధికభాగం 2007 మే నాటికి వచ్చింది. దీనినే ఓపెన్ జేడీకే అంటాం. ఇతరుల హక్కులున్న కొన్ని భాగాలను సన్ ఇవ్వలేకపోగా, రెడ్ హ్యాట్ ప్రారంభించిన ఐస్డ్‌టీ ప్రాజెక్టు ఆ ఖాళీలను పూరించింది.

ఇదే సమయంలో అపాచీ సంస్థ ‘హార్మొనీ’ పేరుతో సొంతంగా జావాను నిర్మిస్తోంది. అనుకూలత పరీక్షలు వాడుకోవాలంటే, ఫలితాన్ని కొన్ని రకాల పరికరాలపై వాడరాదనే పరిమితికి ఒప్పుకోవాలని సన్ షరతు పెట్టింది. అపాచీ ఒప్పుకోలేదు. వివాదం తెగకపోవడంతో 2010 డిసెంబరులో ఆ సంస్థ జావా కార్యనిర్వాహక సంఘం నుంచి తప్పుకొంది. 2011లో హార్మొనీ ఆగిపోయింది. కాని హార్మొనీ గ్రంథాలయాలు అప్పటికే ఆండ్రాయిడ్‌లో చేరిపోయాయి. సన్‌ను 2010 జనవరిలో కొన్న ఒరాకిల్ అదే ఏడాది ఆగస్టులో గూగుల్‌పై దావా వేసింది. దాదాపు 11,500 పంక్తుల ప్రకటన కోడ్‌ను వాడుకోవడం న్యాయమైన వినియోగమేనని అమెరికా సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో 6–2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. పదేళ్లకు పైగా సాగిన వ్యాజ్యం అది.

2018 తరువాత

సాధారణ సంస్థలకు ఈ వ్యాజ్యం కంటె ఎక్కువగా తగిలింది మరొకటి. 2018 సెప్టెంబరులో వచ్చిన ఒరాకిల్ జేడీకే 11ను నేర్చుకోవడానికి, అభివృద్ధికి, పరీక్షించడానికి ఉచితంగా వాడుకోవచ్చు. వ్యాపార కార్యకలాపాల్లో నడపాలంటే రుసుము చెల్లించాలి. పాత జావా 8కు కూడా ఇదే వర్తించింది. 2019 జనవరి నాటి 202వ అప్‌డేట్ వరకు పాత లైసెన్సు, ఏప్రిల్ నాటి 211వ అప్‌డేట్ నుంచి కొత్తది. సాఫ్ట్‌వేర్ పేరు అదే, తెరపై కనిపించేదీ అదే, అప్‌డేట్ బొత్తాన్ని నొక్కడంతో చట్టపరమైన స్థితి మారిపోయింది. భద్రత కోసం అప్‌డేట్ చేయాలి, ఖర్చు భయంతో చేయకూడదు. చిన్న సంస్థలు పడిన ఈ ఇరకాటం న్యాయమైనదని నేను అనుకోను.

2021లో జావా 17తో ఒరాకిల్ మళ్లీ ఉచిత వినియోగానికి అనుమతించింది. అయితే తరువాతి దీర్ఘకాలిక వెర్షన్ వచ్చిన ఏడాది వరకే ఆ వెసులుబాటు. 2023 జనవరిలో రుసుము లెక్క మారి, జావా వాడేవారిని కాక సంస్థ ఉద్యోగులందరినీ లెక్కించడం మొదలైంది. చిన్న సంస్థలకు ప్రకటించిన ధర నెలకు ఒక్కొక్కరికి 15 డాలర్లు. ఉదాహరణకు 200 మంది ఉన్న సంస్థలో నలుగురే జావా వాడినా లెక్క 200 మందికే, అంటే నెలకు 3,000 డాలర్లు.

ఓపెన్ జేడీకే లేకుంటే ఈ ధరకు ప్రత్యామ్నాయం ఉండేది కాదు. దాని నుంచి అమెజాన్ కొరెట్టో, ఎక్లిప్స్ టెమురిన్ వంటి ఉచిత పంపిణీలు వచ్చాయి. 2021లో మైక్రోసాఫ్ట్ కూడా సొంత ఓపెన్ జేడీకే పంపిణీని విడుదల చేసింది. 1997 నాటి ప్రతివాది ఇప్పుడు పరీక్షలు నెగ్గిన జావాను ఉచితంగా పంచుతోంది.

ప్రయోగశాలలో ఎలా చూడాలి

ప్రోగ్రామ్ నడవనప్పుడు ముందుగా జావా వెర్షన్‌నూ, కంపైలర్ వెర్షన్‌నూ వేర్వేరుగా అడగండి. రెండు సంఖ్యలూ ఒకటి కాకపోతే, మీ కంప్యూటర్‌లో ఒకటి కంటె ఎక్కువ జావాలు ఉన్నట్టు. విండోస్‌లో ‘వేర్’, లినక్స్‌లో ‘విచ్’ అనే ఆజ్ఞ ఏ ఫోల్డర్‌లోని జావా పలుకుతోందో చూపుతుంది. పాత్ జాబితాలో ముందున్నదే పలుకుతుంది. కొన్ని అభివృద్ధి సాధనాలు పాత్‌ను వదిలి జావా హోమ్ అనే చలరాశిని చూస్తాయి. కాబట్టి రెండూ ఒకే చోటును సూచించేలా చూడాలి. పాత యంత్రంపై నడవాల్సిన ప్రోగ్రామ్‌ను కొత్త జేడీకేతో కంపైల్ చేయాలంటే, జావా 9 నుంచి కంపైలర్‌కు ఉన్న ‘రిలీజ్’ అనే ఐచ్ఛికంలో లక్ష్య వెర్షన్‌ను ఇవ్వండి. పాత ప్రోగ్రామ్ జావా 11పై కొన్ని క్లాసులు దొరకవంటే ఆశ్చర్యపోకండి. ఎక్స్ఎంఎల్ పనికి వాడే జాక్స్‌బీ వంటి వాటిని ఆ వెర్షన్‌లో తొలగించారు, విడిగా చేర్చుకోవాలి.

వెర్షన్‌ను అడిగినప్పుడు వచ్చే జవాబులో ఓపెన్ జేడీకే అని ఉందా, లేదా అన్నది కూడా చదవండి. లైసెన్సు ప్రశ్నకు మొదటి ఆనవాలు అదే.

అభ్యాసం: మీ కంప్యూటర్‌లోని జావా వెర్షన్, పంపిణీదారు పేరు, అది ఉన్న ఫోల్డర్ రాసిపెట్టుకోండి. అధ్యయన కేంద్రంలోని కంప్యూటర్‌పైనా ఇదే చేసి, రెండింటినీ పోల్చండి.