డేగకు గూడు, గబ్బిలానికి తూటా

డిసెంబరులో మామిడిపండ్లు! చింతలపూడిలో మనం పూత కోసం కొమ్మల వంక చూసే రోజుల్లో, ఇక్కడ మారిషస్‌లో మా పక్కింటి మామ్మగారి చెట్టు విరగకాసింది. తీరా ఉగాదికి, ఆ రోజు దేశమంతా సెలవైనా, పచ్చడిలోకి మామిడికాయ కరువు.

అంతకంటే వింత, ఆ చెట్టుకు చీర చుట్టినట్టు కప్పిన వల. మామ్మగారి ముత్తాతలు కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటలకు వచ్చినవాళ్లు. ఆవిడకు అమ్మోరి పండగ మిగిలింది, తెలుగు మిగల్లేదు. గబ్బిలాల కోసమేనని, వల ఖర్చులో కొంత సర్కారు భరిస్తుందని క్రియోల్‌లో చెప్పింది.

కవి జాషువా గారు తన కావ్యంలో గబ్బిలాన్ని శివుడి దగ్గరికి దూతగా పంపారు గానీ, చింతలపూడిలో మా తోటలో దానికి దక్కింది డబ్బా మోతే. రాత్రంతా కాపలా తాత ఖాళీ నూనె డబ్బా వాయించేవాడు. రసాలు కొరికి పారేస్తే మా నాన్న తిట్లు ఊరంతా వినపడేవి.

ఈ మారిషస్ దీవికి మాత్రం పాత పాపం ఒకటుంది. ఓడల్లో వచ్చిన మనుషులు, వాళ్ల వెంట దిగిన ఎలుకలు, పందులు, కోతులు కలిసి డోడో పక్షిని లేకుండా చేశాయి. 1974 నాటికి ఇక్కడి చిన్న డేగలు అడవిలో నాలుగంటే నాలుగే. అప్పుడు కళ్లు తెరిచారు. కార్ల్ జోన్స్ అనే ఆయన గూట్లో గుడ్లు తీసి పొదిగించేవాడు. తల్లి మళ్లీ పెట్టేది. అలా అవి వందలయ్యాయి. చెట్లనూ అలాగే కాపాడారు. ఈల్ ఓ ఎగ్రెట్ అనే 26 హెక్టార్ల లంక సర్కారుది. అక్కడ చాకిరీ మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్‌ది. పరాయి మొక్కలు పీకి, ఈ నేల చెట్లే మళ్లీ నాటారు.

చేతులు కలిస్తే ఇంత మేలని మురిసిపోయేలోపు గబ్బిలాల కథ తెలిసింది. 2015లో తోటలవాళ్ల మొర విని అదే సర్కారు 30 వేలకు పైగా గబ్బిలాలను కాల్పించింది. 2016లో మళ్లీ, 2018లో మళ్లీ. అడవి చెట్ల విత్తనాలు మోసుకెళ్లేది అవే. 2018లోనే వాటిని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చారు.

డేగ బల్లుల్ని తింటుంది. బల్లి మీద ఎవరికీ పేచీ లేదు. గబ్బిలం లీచీ తింటుంది, మామిడి తింటుంది. మన పండు ముట్టని ప్రాణిమీద జాలి తేలిక. ఈ మాట మా నాన్న ముందు అనగలనా అంటే, అనలేను.

మామ్మగారి వల పైకొమ్మకు అందలేదు. రాత్రి అక్కడ రెక్కల చప్పుడు వినిపిస్తే, ఎక్కడైనా డబ్బా మోగుతుందేమోనని చెవి రిక్కిస్తాను.