పత్తి చేల మధ్య బడి



పోయిన వేసవి సెలవల్లో పిల్లల్ని తీసుకుని అలబామా వెళ్ళాం. టస్కీగీ చుట్టుపక్కల కారులో పోతుంటే దారికి ఒక పక్క పత్తి చేలు. పూత మీద ఉన్నాయి. "అచ్చం మన గుంటూరు దారే కదండీ" అంది మా ఆవిడ. కాస్త ముందుకు పోయాక ఒక పాత చెక్క బడి కనిపించింది. చిన్న కట్టడం, కానీ కిటికీలు మాత్రం మనిషెత్తున వరసగా ఉన్నాయి. ముందు 'రోజెన్వాల్డ్ స్కూల్' అని బోర్డు. "నాన్నా, ఆయనేనా ఇది కట్టించింది?" అన్నాడు మా వాడు. అవునన్నాను. ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది, నేను చెప్పింది సగమే నిజమని.

బుకర్ టి. వాషింగ్టన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. బానిసగా పుట్టి, టస్కీగీలో విద్యాసంస్థను నిలబెట్టిన మనిషి. జూలియస్ రోజెన్వాల్డ్ జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుల బిడ్డ, సియర్స్ కంపెనీ అధిపతి. వీళ్ళిద్దరికీ 1911లో పరిచయమైంది. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకి రోజెన్వాల్డ్ టస్కీగీకి 25,000 డాలర్లిచ్చాడు. అందులో మిగిలిన కొంత సొమ్ముతో చుట్టుపక్కల పల్లెల్లో నల్లజాతి పిల్లలకి ఆరు చిన్న బళ్ళు కడదామన్నాడు వాషింగ్టన్. రోజెన్వాల్డ్ సరేనన్నాడు, కానీ ఒక షరతు. ఊరివాళ్ళు కూడా తమ వంతు వేసుకోవాలి.

మొదటి బడి లోచపోక అనే ఊళ్ళో 1913లో పూర్తయింది. అయిన ఖర్చు 942 డాలర్ల 50 సెంట్లు. రోజెన్వాల్డ్ ఇచ్చింది 300. స్థానిక తెల్లవారు ఇచ్చింది 360. నల్లజాతి వారు 150 డాలర్లు చందా వేసుకుని, మరో 132 డాలర్ల 50 సెంట్ల విలువైన కూలిపని ఒళ్ళొంచి చేశారు.

వాళ్ళెవరనుకున్నారు? ఎక్కువమంది పాలికాపులు. పంట చేతికొచ్చాక భూస్వామి బాకీ తీరిస్తే చాలాసార్లు మిగిలేది సున్నా. అలాంటి వాళ్ళు కొన్ని ఊళ్ళలో కొంత చెక్క పత్తి బడి పేరున వదిలేశారు. ఆ చెక్క మీద వచ్చిన పత్తి అమ్మిన డబ్బు బడికే. ఆడవాళ్ళు కోడి వేపుళ్ళు వండి అమ్మి చందాలు పోగేశారు. అలబామాలో ఒక ఊరి సభలో, బానిసత్వపు రోజులు చూసిన ఒక ముసలాయన జిడ్డోడే పాత సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడట. జీవితమంతా దాచుకున్న 38 డాలర్లు!

కరెంటు లేని పల్లెలు కాబట్టి తూర్పు పడమరల వెలుతురు లోపలికి వచ్చేలా ఆ పెద్ద కిటికీలు పెట్టారు. రాసుకునే చేతి నీడ పలక మీద పడకుండా, వెలుగు ఎడమ పక్కనుంచి వచ్చేలా బల్లలు వేయించారు.

1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బళ్ళు లేచాయి. ఉపాధ్యాయుల ఇళ్ళు, పనులు నేర్పే షెడ్లు వేరే. మొత్తం ఖర్చు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్వాల్డ్ నిధి ఇచ్చింది దాదాపు 43 లక్షల 66 వేలు. నల్లజాతి వారి చందాలు 47 లక్షల 25 వేలు. అంటే పేరున్న దాత కన్నా పేరులేని ఊళ్ళే ఎక్కువ ఇచ్చాయన్న మాట. తక్కినదాంట్లో చాలా భాగం పన్నుల డబ్బు. ఆ పన్నులు వాళ్ళూ కట్టినవే. కట్టిన పన్ను ఎక్కువగా తెల్లపిల్లల బళ్ళకి పోతే, తమ పిల్లల బడికి జేబులోంచి మళ్ళీ తీశారు. ఆ పైన కట్టిన బడినీ స్థలాన్నీ ప్రభుత్వ విద్యాశాఖకే రాసిచ్చారు. ఒక్క బడికి రెండుసార్లు వెల కట్టారు.

అలాంటి ఒక బళ్ళోనే అలబామా పత్తిరైతు కొడుకు జాన్ లూయీస్ చదివాడు. చేలో పనుంది, బడి మానమని ఇంట్లో అంటే, వసారా కింద దాక్కుని బస్సు రాగానే పరుగెత్తేవాడట. పత్తి తీతల రోజుల్లో బడి ఎగ్గొట్టించబడిన మా బోటివాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ పిల్లాడే 1965 మార్చిలో సెల్మా వంతెన మీద తల పగలగొట్టించుకున్నాడు. ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. అదే ఏడు అక్టోబరులో, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని తీసేస్తూ వలస చట్టం వచ్చింది. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా! మనం ఇవాళ ఇల్లు కొనేముందు మంచి స్కూళ్ళెక్కడ అని వెతుక్కుంటున్నామంటే, తలుపు తీసిన చేతుల్లో ఆ చేతులూ ఉన్నాయి.

1954లో సుప్రీంకోర్టు వేరువేరు బళ్ళు చెల్లవంది. ఆ తరువాత ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొన్ని గడ్డివాములయ్యాయి, కొన్ని కూలిపోయాయి. ఇప్పుడు మిగిలినవి ఐదు వందలకు అటూ ఇటూ.

ఇక నా సంగతి. 2001లో మేం నలుగురు స్నేహితులం డబ్బు పంపి మా ఊరి బడికి రెండు గదులు కట్టించాం. శిలాఫలకం మీద మా నాలుగు పేర్లూ ఉన్నాయి. ఊరెళ్ళినప్పుడల్లా చూసుకుని మురిసిపోతుంటాను. అలబామా నుంచి వచ్చిన వారం మా అన్నయ్యకి ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఆ గదులకి ఇసుక తోలిన ట్రాక్టర్లెవరివి? పునాదులు తవ్విందెవరు?"

"ఇప్పుడెందుకురా అవన్నీ?"

"చెప్పు, రాసుకుంటాను."

కాసేపు ఆలోచించి మొదలుపెట్టాడు. పంతొమ్మిది పేర్లయ్యాయి. ఆరుగురు ఇప్పుడు లేరు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఇంకో పలక చెక్కించాలి. దాని మీద మా పేర్లు ఉండవు.

మీ ఊరి బడి ఎవరు కట్టారో ఈ వారం ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి. పక్కన పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకోండి. సెలవు.