ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్షలు - రీఏజెంట్ల నిల్వలో పాటించవలసిన జాగ్రత్తలు

రక్తస్రావాన్ని అరికట్టడంలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత ముఖ్యమో, వాటి పనితీరు కూడా అంతే ముఖ్యం. సంఖ్య తగినంత ఉన్నప్పటికీ, అవి ఒకదానికొకటి అతుక్కోలేని పక్షంలో రక్తం కారడం సకాలంలో ఆగదు. ఈ లోపాన్ని గుర్తించేందుకు తోడ్పడే అగ్రిగోమెట్రీ పద్ధతిని గుస్తావ్ బార్న్ 1962లో ప్రకటించారు. ప్లేట్‌లెట్లు అధికంగా గల ప్లాస్మాను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి రీఏజెంటును కలుపుతారు. ప్లేట్‌లెట్లు గుమికూడే కొద్దీ ప్లాస్మా గుండా ప్రసరించే కాంతి పెరుగుతుంది. ఈ పెరుగుదలే పరీక్షా ఫలితం. రీఏజెంటు శక్తి తగ్గితే, ఆరోగ్యవంతుని రక్తం సైతం లోపభూయిష్టంగా కనిపించే ప్రమాదం ఉంది.

నిల్వ విధానం

- ఎ.డి.పి.: ద్రావణ రూపంలో క్రమంగా విచ్ఛిన్నమవుతుంది. చిన్న చిన్న భాగాలుగా విభజించి ఘనీభవన స్థితిలో భద్రపరచాలి. ఒకసారి కరిగించిన భాగాన్ని తిరిగి గడ్డకట్టించరాదు.
- కొల్లాజెన్: 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. గడ్డకట్టినట్లయితే దాని పోగుల నిర్మాణం దెబ్బతింటుంది.
- అరాకిడోనిక్ ఆమ్లం: గాలి, వెలుతురు తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. అతిశీతల స్థితిలో, వెలుతురు సోకకుండా ఉంచాలి.
- ఎపినెఫ్రిన్: వెలుతురుకు చెడిపోతుంది. గులాబీ రంగుకు మారిన ద్రావణాన్ని వాడరాదు.

ఫలితాలపై ప్రభావం

అరాకిడోనిక్ ఆమ్లం చెడిపోతే, ఆస్పిరిన్ వాడని రోగి కూడా వాడినట్లు ఫలితం రావచ్చు. రిస్టోసెటిన్ శక్తి తగ్గితే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి అనే పొరపాటు నిర్ధారణకు అవకాశం ఉంది. గ్లాంజ్‌మన్ థ్రాంబస్థీనియా అనే జన్యు వ్యాధిలో రిస్టోసెటిన్‌కు మినహా తక్కిన ప్రధాన రీఏజెంట్లకు ప్లేట్‌లెట్లు స్పందించవు. తల్లిదండ్రులిద్దరి నుంచి లోపభూయిష్ట జన్యువు సంక్రమించినప్పుడే ఈ వ్యాధి కలుగుతుంది. కనుక మేనరికపు వివాహాలు గల కుటుంబాలలో దీని అవకాశం అధికం. తెలుగునాట ఇటువంటి వివాహాలు ఆచారంగా ఉన్నందున ఈ పరీక్షల కచ్చితత్వానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పొరపాటు నిర్ధారణ రోగికి జీవితాంతం భారమవుతుంది. కొన్ని సందర్భాలలో అవసరమైన శస్త్రచికిత్స సైతం వాయిదా పడవచ్చు.

ప్రయోగశాలలు పాటించవలసినవి

1. ప్రతి సీసాపై తెరచిన తేదీ, ద్రావణం తయారుచేసిన తేదీ, గడువు తేదీ నమోదు చేయాలి. పొడి రూపంలోని గడువు ద్రావణానికి వర్తించదు.
2. శీతల యంత్రాల ఉష్ణోగ్రతను ప్రతిదినం నమోదు చేయాలి. విద్యుత్ అంతరాయం కలిగిన సమయాన్ని కూడా పొందుపరచాలి. మంచును తనంతట తానే కరిగించుకునే ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత హెచ్చుతగ్గులు ఉంటాయి కనుక అవి ఇందుకు అనువైనవి కావు.
3. ఆస్పిరిన్ వంటి మందులు వాడని ఆరోగ్యవంతుని నమూనాతో రీఏజెంట్లను సరిచూడాలి. కొత్త బ్యాచ్‌ను పాత బ్యాచ్‌తో పోల్చిన తరువాతే వినియోగంలోకి తేవాలి.
4. రక్త నమూనాను ఫ్రిజ్‌లో ఉంచరాదు. గది ఉష్ణోగ్రత వద్ద ఉంచి, సేకరించిన 4 గంటలలోపు పరీక్ష పూర్తిచేయాలి.

వ్యాధి నిర్ధారణకు వాడే రీఏజెంట్లు వైద్య పరికరాల నియమావళి, 2017 పరిధిలోకి వస్తాయి. నిల్వ విషయంలో తయారీదారు సూచనలను విధిగా పాటించాలి. అసాధారణ ఫలితం వచ్చినప్పుడు, తాజా రీఏజెంటుతో, మరొక నమూనాపై పరీక్షను పునరావృతం చేసిన పిమ్మటే నిర్ధారణకు రావడం శ్రేయస్కరం.