పదమూడేళ్ల జవాబు

చార్జి ఆదా అవుతుందని మా కోడలు ల్యాప్‌టాప్ తెర వెలుతురు తగ్గించుకుని పని చేస్తోంది. అనంతపురం ఎండల్లో కరెంటు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో! "మెయిలు పంపి గంటయింది అత్తమ్మా, పైవాళ్ల దగ్గర్నుంచి జవాబే లేదు" అని విసుక్కుంది. నాకు మన్రో దొరగారు గుర్తొచ్చారు.

1800లో దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు అనంతపురంలో కచేరీ పేరుకే. ఆఫీసు చాలావరకు ఊరూరా డేరాల్లోనే నడిచింది. 33 అడుగుల గొలుసుతో పొలాలు కొలిపించి శిస్తు కట్టారు. తీరా చూస్తే, వానకు మొహంవాచిన ఈ సీమ రైతుకు అది మోయలేని బరువు. తాను కట్టిన శిస్తే కదా అని మొహమాటపడకుండా, నాలుగోవంతు తగ్గించమని 1807లో మద్రాసుకు రాశారు. పైవాళ్లు అప్పట్లో ఒప్పుకోలేదు. తగ్గింపు ఎప్పుడొచ్చిందనుకున్నారు? 1820లో, ఆయనే గవర్నరై వచ్చాక! ఆ పదమూడేళ్లూ ఇక్కడి ఇల్లాళ్లు ఏం వండి పెట్టారో దొరల ఉత్తరాల్లో ఎక్కడని వెతికేది?

ఇదంతా కోడలికి చెబుదామనుకునేలోగా కరెంటొచ్చింది. ఆ పిల్ల చార్జరు కోసం పరుగెత్తింది.