తనిఖీకి వచ్చేవారికి చదువు చెప్పేదెవరు?

వరంగల్ హైవే మీద ఉప్పల్ దాటి బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి మీదుగా వెళ్తే అన్నోజిగూడ వస్తుంది. కాస్త ముందుకు పోతే పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్, సింగపూర్ టౌన్‌షిప్. మొన్నమొన్నటి దాకా అన్నోజిగూడ ఘట్‌కేసర్ మండలంలో ఒక గ్రామం, ఇళ్లకు పంచాయతీయే అనుమతి ఇచ్చేది. తర్వాత పోచారం మునిసిపాలిటీ వచ్చింది. 2025 డిసెంబరులో శివారు పట్టణాలన్నిటితో పాటు పోచారాన్నీ జీహెచ్‌ఎంసీలో కలిపారు. కొద్ది ఏళ్లలోనే ఇక్కడి కట్టడాల మీద అధికారం మూడు చేతులు మారింది. ఈలోగా పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లలో అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి.

ఈ కట్టడాల్లో మెట్ల వెడల్పు ఎంత, నిప్పంటుకుంటే పొగ ఎటు పోతుంది, సెల్లార్‌లో ఏం పెట్టారు అని చూడాల్సినవాళ్లకు ఆ పని ఎవరు నేర్పారు? ఎలా నేర్పారు? మన దగ్గర భవన నిబంధనల చరిత్ర రాసినవాళ్లు జీవోల వరుస చెప్పి ఊరుకుంటారు. ఆ జీవోలను అమలు చేసేవాళ్ల చదువు కథ వేరే ఉంది. నా దృష్టిలో అసలు కథ అదే.

నిప్పు విషయంలో ఊరికి కట్టుబాట్లు ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నగరాధికారి విధుల్లో ఇది పెద్ద భాగమే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నపు వేళల్లో పొయ్యి వెలిగించకూడదు. ప్రతి ఇంటివాళ్లూ నీళ్ల కుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం వంటివి సిద్ధంగా ఉంచుకోవాలి. నిప్పుతో పని చేసే వృత్తులవాళ్లు ఒకే చోట ఉండాలి. తప్పితే జరిమానా. అధికారి ఏం చూడాలో ఇంత వివరంగా చెప్పిన గ్రంథం, ఆ అధికారిని ఎలా తయారు చేయాలో మాత్రం చెప్పదు.

ఆధునిక శిక్షణకు పునాది యుద్ధకాలంలో పడింది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి నగరంలో కొంత భాగం బూడిదైంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి మనం జరుపుకునే అగ్నిమాపక వారోత్సవాలు ఆ రోజు ప్రాణాలు పోగొట్టుకున్న సిబ్బంది జ్ఞాపకార్థమే. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల మొదలై, మరుసటి ఏడాదే నాగ్‌పూర్‌కు మారింది. ఫైర్ అధికారికి నాగ్‌పూర్ కోర్సు అంటే ఇప్పటికీ ఒక గౌరవం. అక్కడ నిచ్చెన ఎక్కించి, పొగ గదిలోకి పంపి, పంపు విప్పించి నేర్పుతారు. తెలంగాణలో ఆ తరహా చదువుకు చిరునామా వట్టినాగులపల్లిలోని అగ్నిమాపక శిక్షణ సంస్థ.

కానీ ప్లాను మంజూరు చేసేది, కట్టేటప్పుడు వచ్చి చూసేది ఫైర్ అధికారి కాదు. మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగం. సూపర్‌వైజరు, సెక్షన్ ఆఫీసరు, అసిస్టెంట్ సిటీ ప్లానర్ (ఏసీపీ), వాళ్ల వెంట టేపు పట్టే చైన్‌మన్. సివిల్ డిప్లొమా చేసి ఉద్యోగంలో చేరినవాళ్లు సీనియర్ వెంట తిరిగి పని నేర్చుకున్నారు. 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ చట్టంలో 452వ సెక్షన్ కింద నోటీసు ఎప్పుడివ్వాలి, 636 కింద కూల్చివేత ఉత్తర్వు ఎలా రాయాలి అన్నది వాళ్లకు కంఠతా వస్తుంది. సెట్‌బ్యాక్ ఎంత మింగారు, ప్లానులో లేని పెంట్‌హౌస్ ఎవరు వేశారు అన్నది చూడగానే చెబుతారు. అది తక్కువ విద్య కాదు. అయితే అది కొలతల విద్య, నోటీసుల విద్య. పొగ గురించి వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

1970లో రెండు మంచి పనులు జరిగాయి. భారత ప్రమాణాల సంస్థ తొలి జాతీయ భవన నిర్మాణ కోడ్‌ను వెలువరించింది. తర్వాత అది 1983, 2005, 2016లలో సవరణ పొందింది. అదే 1970లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రాంతీయ పట్టణ, పర్యావరణ అధ్యయన కేంద్రం వచ్చింది. మునిసిపల్ ఉద్యోగులకు స్వల్పకాలిక తరగతులు నడపడం దాని పని. ఉప్పల్, నాచారం వాళ్లకు కూతవేటు దూరం. కోడూ వచ్చింది, పాఠశాలా వచ్చింది. ఆ కోడ్‌లో అగ్ని భద్రతకు కేటాయించిన నాలుగో భాగాన్ని ప్రతి టౌన్ ప్లానింగ్ ఉద్యోగీ చదివి పరీక్ష రాయాలన్న నియమం మాత్రం రాలేదు.

దానికి కారణం చట్టంలోనే ఉంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం ప్రకారం వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు దాటినప్పుడే ఫైర్ శాఖ ఎన్‌ఓసీ తప్పనిసరి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు 500 చదరపు మీటర్ల స్థలం లేదా 6 మీటర్ల ఎత్తు లెక్క. భవన నిబంధనలపై వచ్చిన 2012 నాటి 168 జీవో కూడా 18 మీటర్ల నుంచే హైరైజ్ అంటుంది. జాతీయ కోడ్ అయితే 15 మీటర్లకే హైరైజ్ అంటుంది. ఈ మూడు మీటర్ల తేడాలోనే నగరం తూర్పు భాగంలో సగం కాపురాలు ఉన్నాయనిపిస్తుంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, అన్నోజిగూడ, ఎక్కడికి పోయినా స్టిల్టు మీద ఐదంతస్తులు. స్టిల్టును లెక్కలోంచి తీసేస్తే అవి 18 మీటర్ల గీత కిందే ఆగుతాయి. అంటే నాగ్‌పూర్‌లో చదువుకున్న కన్ను వాటిని చూడదు, చూడాల్సిన కన్ను నాగ్‌పూర్ పాఠం వినలేదు.

ఆ మీదట క్రమబద్ధీకరణ ఒకటి. 2007లో ఉప్పల్ కలాన్‌తో సహా 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. ఆ ఏడాది చివరి రోజునే 901 జీవోతో అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం బీపీఎస్ వచ్చింది. 2015లో తెలంగాణలో మళ్లీ వచ్చింది. రుసుము కట్టి ఉల్లంఘనను సక్రమం చేసుకోవచ్చు. ఫైరింజను తిరగాల్సిన సెట్‌బ్యాక్ రసీదు మీద సక్రమమవుతుంది కానీ నేల మీద వెడల్పు కాదు. ఇది తప్పని నేను గట్టిగానే అంటాను.

తర్వాత ఆన్‌లైన్ కాలం. 2016లో జీహెచ్‌ఎంసీ అనుమతులను డీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతికి మార్చింది. ఆర్కిటెక్టు డ్రాయింగు అప్‌లోడ్ చేస్తే సాఫ్ట్‌వేరే సెట్‌బ్యాకులు, ఎత్తులు సరిచూస్తుంది. 2019 మునిసిపాలిటీల చట్టం, 2020 నవంబరులో మొదలైన టీఎస్ బీపాస్ ఇంకో అడుగు ముందుకేశాయి. 75 గజాల లోపు ఇంటికి రూపాయి రిజిస్ట్రేషన్ చాలు. 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి. ఆపైవాటికి 21 రోజుల గడువు. 2025లో దీని స్థానంలో బిల్డ్‌నౌ వచ్చింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది, సామాన్యుడికి నిజంగా మేలు జరిగింది. అయితే స్వీయ ధ్రువీకరణ అంటే నిబంధన తెలుసుకోవాల్సిన బాధ్యత కూడా యజమాని మీదికి, మేస్త్రీ మీదికి వచ్చినట్టే. వాళ్లకు ఆ నిబంధనలు నేర్పే తరగతి దానితో పాటు రాలేదు.

ఇదే కాలంలో నగరం వరుసగా శవాలు మోసింది. 2022 మార్చి 23న బోయిగూడలో కింద తుక్కు గోడౌన్, పైన నిద్రలో బిహార్ కూలీలు. 11 మంది పోయారు. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్ రూబీ హోటల్‌లో 8 మంది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఊపిరాడక ఆరుగురు యువతీయువకులు. నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది. 2025 మే 18న గుల్జార్ హౌజ్‌లో 17 మంది, వారిలో 8 మంది పిల్లలు. బయటికి రావడానికి అక్కడ ఒక్కటే ఇరుకు దారి.

రూబీ హోటల్ సంగతి కొంచెం ఆగి చూడాలి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి గదులు. మంట కిందే ఉంది. మనుషుల్ని చంపింది మెట్లదారిలో పైకెక్కిన పొగ. ఒక్క మెట్లదారే ఉన్న భవనంలో సెల్లార్‌కి దిగే మెట్లు, పైకెళ్లే మెట్లు ఒకటిగా సాగకూడదని జాతీయ కోడ్ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ ఒక్క వాక్యం ఎందుకు రాశారో తెలిసిన ఉద్యోగి భవనంలోకి అడుగుపెడితే ముందు మెట్లు చూస్తాడు. తెలియని ఉద్యోగి సెట్‌బ్యాక్ కొలిచి వెళ్లిపోతాడు. శిక్షణ అంటే ఈ తేడాయే.

మరి ఆన్‌లైన్ శిక్షణ ఏ మాత్రం ఉంది? లేదనలేం. 2003లో ఐఐటీలు మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లో భవనాల అగ్ని రక్షణ మీద ఐఐటీ ఢిల్లీ ఆచార్యుడు బిశ్వజిత్ భట్టాచార్జీ పాఠాలు ఎవరైనా ఉచితంగా వినవచ్చు. 2020లో కర్మయోగి మిషన్‌కు కేంద్రం ఆమోదం తెలిపాక, ఐగాట్ వేదిక మీద ప్రభుత్వోద్యోగులు ఫోనులోనే కోర్సులు చేస్తున్నారు. కోవిడ్ కాలంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వెబినార్లు విరివిగా నడిపింది. 2020 ఆగస్టులో విజయవాడ స్వర్ణ ప్యాలెస్ కోవిడ్ కేంద్రంలో 10 మంది చనిపోయాక, ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు కోవిడ్ ఆసుపత్రుల ఫైర్ ఆడిట్‌కు ఆదేశించింది. అంతకు ముందే, 94 మంది పిల్లల్ని బలిగొన్న 2004 కుంభకోణం దుర్ఘటన మీద 2009లో తీర్పు ఇస్తూ బడి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంది. ఆదేశాలకు కొదవ లేదు, పాఠాలకూ కొదవ లేదు. ఇష్టమున్నవాళ్లు వింటారు, లేనివాళ్లు వినరు. ఉద్యోగానికీ కోర్సుకూ ముడి లేదు.

ఆ ముడి వేసిన దేశాలున్నాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో కోడ్ అమలు అధికారి ఏటా 24 గంటల శిక్షణ పొందాలి. అందులో కొంత ఆన్‌లైన్‌లోనూ పూర్తి చేసుకోవచ్చు. శిక్షణ లేకపోతే హోదా నిలవదు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయాక, బ్రిటన్ 2022లో భవన భద్రత చట్టం తెచ్చింది. 2024 నుంచి ఇంగ్లండ్‌లో భవన తనిఖీ చేసేవారు నమోదు చేసుకోవాలి, తమ అర్హతను రుజువు చేసుకోవాలి. అక్కడా మరణాల తర్వాతే బుద్ధి వచ్చింది, కానీ వచ్చింది.

ఫోనులో పాఠం విన్నంత మాత్రాన తనిఖీ రాదన్న అభ్యంతరం సబబే. పంపు రూములోకి వెళ్లి చూడండి. పైపుల్లో ఒత్తిడి కొద్దిగా తగ్గితే జాకీ పంపు దానంతటది తిరగాలి, ఇంకా తగ్గితే మెయిన్ పంపు, కరెంటు లేకపోతే డీజిల్ పంపు. ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో ఉందా, పై అంతస్తు హైడ్రెంట్ విప్పితే కింద పంపు అందుకుంటుందా అన్నది చెవితో విని, గేజి ముల్లు చూసి తెలుసుకోవాల్సిందే. ఆ పాఠం వట్టినాగులపల్లి మైదానంలో చెప్పాలి. కానీ ఆ పంపు ఎందుకుందో, ఎన్ని మీటర్ల భవనానికి ఏది ఉండాలో, ఎవరికి ఏ అధికారముందో చెప్పడానికి ఆన్‌లైన్‌ను మించిన సాధనం లేదు. అధికార పరిధి మారినప్పుడల్లా వందలాది మందిని ఒక హాల్లోకి పిలవడం అయ్యే పని కాదు. పైగా ఆ పాఠం తెలుగులో ఉండాలి. మేస్త్రీ, వాచ్‌మన్, హాస్టల్ వార్డెన్, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఇంగ్లీషు కోడ్ తెరిచి చదవరు.

ఇప్పుడే ఇది ఎందుకంత అవసరమంటే, 2025 నవంబరులో ప్రభుత్వం ఔటర్ రింగు రోడ్డు లోపలి సుమారు 9,300 ఎకరాల పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకునే విధానం ప్రకటించింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు అందులో ఉన్నాయి. రేపు ఒకే వీధిలో ఒకవైపు పాత రసాయనాల షెడ్డు, మరోవైపు కొత్త నివాస టవరు ఉండబోతున్నాయి. ఇంత చిక్కైన తనిఖీ ఈ ప్రాంతపు సిబ్బందికి ఇంతకు ముందు ఎదురుకాలేదు.

ప్రభుత్వానికి నా విన్నపం ఇది. టౌన్ ప్లానింగ్ ఉద్యోగి ప్రమోషన్‌కు, లైసెన్సు పొందిన ఇంజినీరు రెన్యువల్‌కు అగ్ని భద్రత కోర్సు తప్పనిసరి చేయండి. పరీక్ష ఆన్‌లైన్‌లో, ప్రాక్టికల్స్ మైదానంలో పెట్టండి. బిల్డ్‌నౌలో స్వీయ ధ్రువీకరణ బటన్ నొక్కే ముందు యజమాని చూసి తీరాల్సిన పావుగంట తెలుగు వీడియో ఒకటి ఉంచండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.